గోడ పక్క చోటు

నేను ఒక శవబండిని. ఈ మాట చెప్పగానే కొందరు ఒక అడుగు వెనక్కి వేస్తారు, కొందరు పిల్లల్ని చప్పున దగ్గరకు లాక్కుంటారు. నిజానికి నేను ఎవరి జోలికీ పోయినదాన్ని కాను. పిలిచిన ఇంటి ముందు ఆగి, ఎక్కించినవారిని ఎక్కించుకుని, చెప్పిన చోట దింపి వచ్చేదాన్ని. తండ్రి బతికున్నంత కాలం గ్లాసెడు మంచినీళ్లు ఇవ్వని కొడుకులు నా వెనక నడుస్తూ గుండెలు బాదుకోవడం ఎన్నోసార్లు చూశాను. అప్పుడు నవ్వకూడదని మనుషులకు కట్టుబాటు ఉంది. బండికి అలాంటిదేమీ లేదు కాబట్టి నేను తీరిగ్గా నవ్వుకునేదాన్ని.

మాది కాకినాడ. రేవుకు దగ్గరలో ఒక పాత చర్చి ఉంది. అక్కడి క్రైస్తవులు దాన్ని గుడి అనే పిలుస్తారు. గుడి గోడకు ఆనించి కట్టిన రేకుల షెడ్డు నా ఇల్లు. నన్ను చేయించినవాడు జెబదయ్య అనే కలప షావుకారు. దొరల కాలంలో రంగూన్ నుంచి ఓడల మీద టేకు దుంగలు తెప్పించి అమ్మి బాగా వెనకేసుకున్నాడు. దొరలు చచ్చిపోతే నల్ల గుర్రాల బండిలో వెళ్లడం, తన వాళ్లు పోతే నులకమంచం మీద వెళ్లడం చూసి ఆయనకు ఒళ్లు మండేది. తాను పోయే రోజున ఊరు ఊరంతా నోరు వెళ్లబెట్టాలని పంతం పట్టాడు. కొట్లో ఉన్నవాటిలో మేలైన దుంగలు తీయించి, దేవుడి రథాలు చెక్కే లక్కోజు వీరాచారిని పిలిపించాడు.

నాలుగు మూలలా నలుగురు దేవదూతలు ఉండాలని, చుట్టూ ద్రాక్ష తీగ పాకాలని షావుకారు చెప్పాడు. వీరాచారి దేవదూతను ఎన్నడూ చూడలేదు. ఆ మాటకొస్తే షావుకారూ చూడలేదు. రెక్కలుంటాయని మాత్రం ఇద్దరికీ తెలుసు. వీరాచారి తనకు చేతనైన రథం బొమ్మల్నే చెక్కి, వాటి వీపులకు హంస రెక్కలు తగిలించాడు. నడుములకు వడ్డాణాలు, ముక్కులకు ముక్కుపుడకలు, కాళ్లకు కడియాలు అలాగే ఉంచేశాడు. ద్రాక్ష తీగ సంగతి ఇంకా బాగుంది. ఆయన పెరట్లో ఉన్నది కాకరపాదు. రెండిటి ఆకులూ ఒకేలా ఉన్నాయి గదా అని దాన్నే చూసి చెక్కాడు. అలా నా ఒంటి చుట్టూ కాకరకాయలు కాశాయి. కాకరకాయలైతేనేం, ఆ ముసలాయన ఉలి నడుస్తుంటే గిలిగింతలు పెట్టినట్టుండేది. నన్ను అంత ప్రేమగా ముట్టుకున్న చెయ్యి మళ్లీ తగల్లేదు.

జెబదయ్య నన్ను ఎక్కలేదు. సరుకు కోసం వెళ్లినవాడు రంగూన్‌లోనే విషజ్వరంతో పోయాడు. అక్కడ ఆయన్ని ఏ మంచం మీద మోశారో, అసలు మోశారో లేదో కూడా ఎవరికీ తెలియదు. నన్ను మొదట ఎక్కినవాడు ఆయన బావమరిది. వాడి పేరు చెబితేనే జెబదయ్యకు గిట్టేది కాదు.

దొరలు వెళ్లిపోయారు. గుర్రాలు పోయాయి. నా టేకు ఒంటిని ఎత్తి ఒక పాత లారీ చాసిస్ మీద కూర్చోబెట్టారు. ఇన్ని మారినా గుడి పెద్దలు పెట్టిన కట్టడి మాత్రం మారలేదు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనను మా వాళ్లు బల్ల అంటారు. బల్లలో చెయ్యి వేసే అర్హత ఉన్నవారికే నేను. తప్పు చేశారని పెద్దలు వెలివేసినవారు నన్ను ఎక్కడానికి లేదు. వాళ్లను ఎవరో ఒకరు మోసుకుని సమాధుల తోట వెనక సందులోంచి తీసుకెళ్లి గోడ పక్కన పూడ్చాలి. గోడకు అవతల మున్సిపాలిటీ కాలువ. వాన పడితే ఆ నీళ్లు గోడ కింద నుంచి ఊటలా ఆ వెలివాళ్ల గుంతల్లోకి దిగేవి. ప్రేమించమని, క్షమించమని ప్రతి ఆదివారం మైకులో చెప్పే మనుషులే ఈ ఏర్పాటు చేశారు. వాళ్లకు అందులో తేడా ఏమీ కనబడలేదు.

నా కథలో అసలు మనిషి గంధం ఏసోబు. అతని తల్లి సువర్ణమ్మ. ఆమెకు పెద్దలు కుదిర్చి పెళ్లి చేసిన మొగుడు రోజూ తాగి వచ్చి కొట్టేవాడు. ఒక రోజు చెయ్యి విరిచాడు. ఆమె ఆ విరిగిన చేత్తోనే ఇల్లు వదిలి వచ్చేసి, రేవులో సరుకులు మోసే కళాసీ కోటయ్యతో కాపురం పెట్టింది. ఏసోబు ఆ కాపురంలో పుట్టినవాడే. పెద్దలు వాళ్లిద్దరినీ బల్లకు దూరం పెట్టారు. కొట్టిన మొగుణ్ణి మాత్రం బల్లలోనే ఉంచారు. అతను పోయినప్పుడు నేనే మోశాను. బరువుగా ఉన్నాడు.

ప్రతి ఏడాదీ కొత్త సంవత్సరం ఆరాధనకు ముందు పెద్దలు సువర్ణమ్మను గుడి మెట్ల దగ్గర నిలబెట్టి, సంఘం ముందు పాపం ఒప్పుకుంటే బల్లకు రానిస్తామని చెప్పేవారు. షెడ్డులోంచి నాకు అంతా వినబడేది.

"కొట్టినోణ్ణి ఒదిలేసేను. బువ్వెట్టినోడితో ఉన్నాను. ఇందులో పాపవేవుందో ముందు మీరు సెప్పండి," అనేది ఆమె. ఆమె చెంగు దులుపుకుని వెళ్లి ఆఖరి వరసలో చాప మీద కూర్చుని పాటలన్నీ గొంతెత్తి పాడేది. ఆమె పాట నాకు ఇష్టం. శ్రుతి ఉండేది కాదు కానీ భయం కూడా ఉండేది కాదు.

కోటయ్య పోయేనాటికి ఏసోబుకు ఇరవై ఏళ్లుంటాయి. వడ్రంగం నేర్చుకుంటున్నాడు. బండి ఇమ్మని పెద్దల కాళ్లు పట్టుకున్నాడు. వాళ్లు షెడ్డు తలుపుకు ఇంకో తాళం వేయించారు. చివరికి చేపల ఐసు బండి దొరికింది. కోటయ్యను దాని మీద పడుకోబెట్టి నా షెడ్డు ముందు నుంచే తోసుకుంటూ వెళ్లారు. రేకుల సందులోంచి ఏసోబు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. తండ్రి మీద వాలుతున్న ఈగల్ని తోలడం మరిచిపోయి మరీ నా కాకర తీగ కేసి చూశాడు. ఆ రోజు అతనికి తండ్రి పోయిన బాధ ఎక్కువో, చేపల బండి సిగ్గు ఎక్కువో నేను చెప్పలేను. బాధ తర్వాత తగ్గిపోయింది, సిగ్గు తగ్గలేదు.

తర్వాత కాలం నన్ను కూడా మూల కూర్చోబెట్టింది. గాజు తలుపుల వ్యానులు వచ్చాయి, ఐసు పెట్టెలు వచ్చాయి, నన్ను అడిగేవారు లేకపోయారు. క్రిస్మస్ నక్షత్రం, చిరిగిన డ్రమ్ములు, విరిగిన బెంచీలు తెచ్చి నాలో పడేశారు. కోళ్లు గుడ్లు పెట్టాయి. చెదలు నా అడుగు పలకను తాపీగా, రుచి చూసుకుంటూ తిన్నాయి. ఒక దేవదూత చెయ్యి విరిగింది, ఇంకొక దానికి రెక్క పోయింది. ఎవరో పుణ్యాత్ముడు నాకు ఆసుపత్రి గోడలకు వేసే ఆకుపచ్చ రంగు కూడా పులిమాడు.

అలా ఉండగా గుడికి నూరేళ్ల పండుగ దగ్గరపడింది. సంఘ పెద్ద పరంజ్యోతి గారు డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఒక రోజు షెడ్డు తీయించి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నా చుట్టూ తిరిగాడు. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన చోట బయటపడ్డ టేకు రేఖను గోరుతో గీకి చూశాడు. బిషప్ గారికి చూపించడానికి, ఫొటోలు తీయించడానికి నాకన్నా మంచి సరుకు లేదని ఆయనకు తోచింది. వెంటనే ఏసోబుకు కబురు పెట్టాడు.

ఏసోబు అప్పటికి యాభై దాటాడు. శవపేటికలు, ద్వారబంధాలు, దేవుడి గూళ్లు, ఏది అడిగితే అది చేసేవాడు. పనిమంతుడే, కానీ తన పనిని ఎవరైనా మెచ్చుకుంటే ఆ రోజంతా అద్దం చూసుకున్నట్టు దాన్నే చూసుకుంటూ కూర్చునే రకం. తల్లి మంచాన పడి ఉంది. అతని భార్య కరుణమ్మ ఆమెకు అన్నీ చేసేది. బండిని బాగుచెయ్యమన్న పరంజ్యోతి గారి మాట విని ఏసోబు చేతులు కట్టుకున్నాడు.

"కూలి వద్దండి. నాదొక్కటే కోరిక. మా అమ్మ పోయినప్పుడు ఈ బండిలో తీసికెల్లాలండి, పెద్దీధిలోంచి, పెద్ద గేట్లోంచి."

"ఆవిడ వెలిలో ఉంది గదయ్యా," అన్నాడు పరంజ్యోతి గారు. నా వైపు ఇంకోసారి చూసి, "సంఘం ముందు ఒప్పుకోమను. ఒప్పుకుంటే అభ్యంతరం ఏముంటుంది? మొదటి ప్రయాణం ఆవిడదే," అన్నాడు.

అలా నాకు వైద్యం మొదలైంది. ఏసోబు ఆ ఆకుపచ్చ రంగు గీకేసి, కిరసనాయిలు గుడ్డతో నా ఒళ్లంతా తుడిచాడు. చెద తిన్న పలకలు తీసి కొత్త టేకు వేశాడు. విరిగిన చేతికి చెయ్యి అతికాడు, పోయిన రెక్కకు రెక్క చెక్కాడు. పాతదానికీ కొత్తదానికీ తేడా తెలియకుండా కాకర తీగ అతుకు పెట్టాడు. నేను అబద్ధం ఆడను, నాకు సుఖంగానే ఉంది. వీరాచారి చెయ్యంత మెత్తన కాదు గానీ నేర్పున్న చెయ్యి. దారినపోయేవాళ్లు ఆగి చూసి తల ఊపితే ఏసోబు ఉబ్బిపోయేవాడు, అతనితోపాటు నేనూ ఉబ్బేదాన్ని.

సగం పని అయ్యాక తల్లిని ఆటోలో తెచ్చి, కుర్చీతో సహా దింపి నా ముందు కూర్చోబెట్టాడు. సువర్ణమ్మ బక్కచిక్కిపోయింది. వేళ్లు చాచి నా అంచు తడిమి, ఆగి ఆగి నవ్వింది.

"ఇయి కాకరకాయలు గదరా."

"ద్రాచ్చపళ్లమ్మా."

"ఊరుకోరా. నేను వండిన కాకరకాయలు నాకు తెలవ్వా?" ఇంకాస్త తడిమింది. "బాగుందిరా అబ్బాయ్. నీ చెయ్యి మంచిది. నన్ను మాత్రం దీన్లో ఎక్కించకు. మీ నాన్న పక్కన చోటొదిలించేను. నన్నక్కడికి తీసికెల్లు, ఎలా తీసికెల్లినా పర్లేదు."

"గోడ పక్కనా? కాలవ కంపులోనా?"

"ఆయనక్కడున్నాడు గదా," అంది సువర్ణమ్మ. అంతకన్నా చెప్పాల్సింది ఏమీ లేనట్టు చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఏసోబు మొహం మాడిపోయింది. నెలల తరబడి చేసిన పని చూపిస్తే తల్లి కాలువ గట్టు అడుగుతోంది. ఒక్క మాట ఒప్పుకుంటే చాలని బతిమాలాడు. పక్కింటివాళ్ల ముందు, పెద్దల ముందు తలెత్తుకుంటానన్నాడు. చేపల బండి సంగతి ఎత్తాడు. ఆమె అన్నీ విని, "ఆయనతో కాపరం పాపవని నా నోటితో అననురా," అంది. ఆటో వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏసోబు చేసినది కొట్టడం కన్నా చెడ్డపని. తల్లితో మాట్లాడటం మానేశాడు. శ్రమల దినాలు మొదలయ్యాయి. మా వాళ్లు ఉపవాసాలుండి, యేసు పడ్డ బాధలు తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే రోజులవి. ఏసోబు కూడా ప్రతి సాయంత్రం గుడికి వెళ్లి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్లి తల్లి మంచం వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు కరుణమ్మ మొగుణ్ణి నా ముందే కడిగేసింది.

"నీ సెప్పుల సప్పుడినగానే తలెత్తుద్దయ్యా ఆవిడ. నువ్వేవో గోడకేసి సూత్తా తినేసి ఎల్లిపోతన్నావు. నిన్నట్నించీ గంజి కూడా ముట్టలేదు. ఇదేం పంతవయ్యా?"

"నేనేవడిగేను? ఒక్క మాటనమన్నాను. ఆవిడ మారాజులా ఎల్తే నాకేవన్నా మిగులుద్దా?"

"నీకే మిగులుద్ది. ఆవిడకేం మిగలదు," అని క్యారేజీ అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఏసోబు ముద్దలు కలుపుతూ, నా మీద నిన్న వేసిన పాలిష్ సరిగ్గా పట్టిందా లేదా అని తల వంచి చూసుకున్నాడు.

అదే రోజుల్లో పరంజ్యోతి గారు వచ్చి, కళ్లజోడు సర్దుకుని నా దేవదూతల్ని పరీక్షగా చూశాడు.

"వడ్డాణాలేంటి ఏసోబూ? ముక్కుపుడకలేంటి? బిషప్ గారు చూస్తే నవ్విపోతారు. అవన్నీ చెక్కేసి నున్నగా చెయ్యి."

"పాతకాలపు పనండి. తీసేత్తే మళ్లీ రాదండి."

"మీ అమ్మగారి సంగతి సంఘంలో పెట్టాలంటే నా మాట కూడా కాస్త చెల్లాలి గదా."

ఏసోబు సన్న ఉలి నూరుకుని వచ్చాడు. ముక్కుపుడకలు ముందు పోయాయి, వాటితోపాటు ముక్కుల చివరలూ పోయాయి. తర్వాత కడియాలు, వడ్డాణాలు. వీరాచారి కళ్లు మూసుకుని తడిమి చెక్కినవి ఒక్కొక్కటీ పొట్టులా రాలి నేల మీద పడ్డాయి. నొప్పి అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఏసోబు మాత్రం ఆగలేదు. సాయంత్రం ఆ పొట్టంతా పోగుచేసి, జిగురు కాచే పొయ్యిలో వేశాడు.

సువర్ణమ్మ లొంగిపోయింది. కరుణమ్మ వచ్చి చెప్పింది. "నీ మొకం సూసి ఎన్నాల్లైందో అంటంది. నువ్వేం సెప్పమంటే అది సెప్తానంటంది. ఎల్లి కూకో ఆవిడ దగ్గర," అని, నీళ్లు నిండిన కళ్లతో మొగుణ్ణి అసహ్యంగా చూసింది. ఏసోబు పనిముట్లు అక్కడే పడేసి పరిగెత్తాడు. మర్నాడు నవ్వుతూ వచ్చాడు. పాలిష్ పెట్టడానికి సాయం వచ్చిన స్నేహితుడితో తల్లికి ఇచ్చిన మాట గురించి గొప్పగా చెప్పుకున్నాడు. బండిలో దర్జాగా తీసుకెళ్లి, చివరికి నాన్న పక్కనే పెడతానని ఒట్టు పెట్టాడట. దానికి పెద్దలు ఒప్పుకున్నారా అని ఆ స్నేహితుడు అడిగాడు.

"ఆళ్లనడిగేదేంటి? బండి ఎక్కడం వరకే ఆళ్ల పెత్తనం. గుంత తవ్వించేది నేను గదా," అన్నాడు ఏసోబు.

నాకు నోరుంటే అక్కడే చెప్పేదాన్ని. నేను ఎక్కించుకున్నవారెవరూ గోడ పక్కకు వెళ్లలేదు. నా దారి పెద్ద గేటు నుంచి తోట మధ్య బాట దాకా, అంతే. ఆ బాటకు రెండు వైపులా సంఘంలో ఉన్నవారి సమాధులు. బండీ ఆ చోటూ ఒకే కట్టడిలో రెండు సగాలు. ఏసోబు ఒక సగం మీద అంతగా మోజు పడి రెండో సగం ఉందన్న సంగతే మరిచిపోయాడు.

ఆదివారం నాడు సువర్ణమ్మను కుర్చీలో మోసుకొచ్చి ఆరాధనలో ముందు కూర్చోబెట్టారు. గుడి బయట కట్టిన మైకుల్లోంచి నాకు అంతా వినబడింది. గుడి పాస్టరు అయ్యగారు వాక్యం చదివి, పాపినని ఒప్పుకుంటావా అని అడిగాడు. ఒప్పుకుంటానంది. అక్కడితో ఆపవచ్చు. ఆయన ఆపలేదు.

"కోటయ్యతో చేసిన కాపురం పాపమని, దానికి పశ్చాత్తాపపడుతున్నానని సంఘం ఎదుట చెప్పమ్మా."

మైకు గరగరమంది. తర్వాత ఏసోబు గొంతు, మెల్లగా అన్నానని అతను అనుకున్నాడు కానీ మైకు పట్టేసింది.

"అమ్మా, అనవే."

"అవునండి," అంది సువర్ణమ్మ. "పాపవేనండి." ఒకప్పుడు గొంతెత్తి పాడిన మనిషి గొంతేనా అది అని నాకు అనుమానం వచ్చింది. సంఘమంతా సంతోషంగా ఆమెన్ అంది. ఆమెకు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. మింగలేక దగ్గింది. ఆ దగ్గు కూడా మైకులో వచ్చింది.

తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు. ఏసోబు టేకుతో పెట్టె చేశాడు, ఇత్తడి పిడులు బిగించాడు. నా లోపల తెల్ల సాటిన్ గుడ్డ కుట్టించాడు. కొత్త పాలిష్‌తో నేను మెరిసిపోతుంటే వీధి వీధంతా ఫోన్లు పట్టుకుని నిలబడింది. పెట్టెను ఎక్కిస్తున్నప్పుడు ఎవరి భుజమో జారింది. ఒక ఇత్తడి పిడి నా కాకర తీగ మీద పొడుగ్గా గీరుకుపోయింది.

"సూసుకోండ్రా. గీతడిపోయింది," అని ఏసోబు అరిచాడు. తల్లి తలవైపు పట్టుకుని ఉన్నది అతనే, పెట్టె వదిలేసి చొక్కా అంచుతో నా గీతను రుద్దాడు. పెట్టె ఒరిగితే పక్కవాళ్లు పట్టుకున్నారు. వెనక నిలబడ్డ కరుణమ్మ మొగుడి కేసి చూసి మొహం తిప్పుకుంది.

ఊరేగింపు అతను కోరుకున్నట్టే జరిగింది. బ్యాండు వాయించారు. పెద్దవీధి మధ్యలోంచి, ఒకప్పుడు చేపల బండి వెళ్లిన చోటు మీదుగానే వెళ్లాం. అరుగుల మీదివాళ్లు లేచి నిలబడ్డారు. ఎంత బాగుందో చూడండని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్లు చూస్తున్నది నన్ను. నా లోపల ఎవరున్నారని ఒక్కరూ అడగలేదు. ఏసోబు నా పక్కన నడుస్తూ, ఏడుస్తూ, మధ్యమధ్య వాళ్ల మొహాలు చూసుకున్నాడు.

పెద్ద గేటు దాటి మధ్య బాటలో ఆగాను. అక్కడ తోటమాలి గుంత తవ్వి సిద్ధంగా ఉంచాడు. ఒక పక్క ఎవరో హెడ్మాస్టరు, ఇంకో పక్క సువర్ణమ్మ చెయ్యి విరిచిన మొదటి మొగుడి అన్న. ఏసోబు గుంతను చూశాడు, దూరంగా గోడను చూశాడు.

"ఇక్కడెందుకు తవ్వేరండి? మా నాన్న పక్కన గదండి."

పరంజ్యోతి గారు అతని భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "ఆలోచించు ఏసోబూ. గోడ పక్క చోటు వెలిలో ఉన్నవాళ్లకి. మీ అమ్మగారిని సంఘం క్షమించింది. క్షమించినావిడని తీసుకెళ్లి అక్కడ ఎలా పెడతాం?"

"ఒట్టేసేనండి. ఆయన పక్కనే పెడతానని ఒట్టేసేనండి ఆవిడకి."

"ఆ సంబంధం పాపమని ఆవిడే చెప్పింది గదయ్యా, మైకులో. ఊరంతా వింది."

ఏసోబు గోడ వైపు రెండడుగులు వేశాడు. పెట్టెను తానే ఎత్తుకుంటానన్నట్టు నా వైపు తిరిగాడు. అప్పుడు అతను తిరగబడి ఉంటే, పెట్టెను భుజాన వేసుకుని వెనక సందు దాకా ఈడ్చుకెళ్లి ఉంటే, అడ్డుపడేవాళ్లు నలుగురైదుగురి కన్నా ఎక్కువ ఉండేవారు కాదు. కరుణమ్మ ముందుకు వచ్చి, "ఎత్తయ్యా, నేనూ పడతాను," అంది. అందరూ వింటుండగానే అంది. బ్యాండు వాళ్లు వాయించడం ఆపేశారు. పెద్దలు, ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు, మెరుస్తున్న నేను, అందరం అతని కేసి చూస్తున్నాం. ఏసోబు ఆ మొహాలన్నీ ఒకసారి చూశాడు. తలొంచుకుని వచ్చి, పెట్టె దించే తాడు చేతిలోకి తీసుకున్నాడు.

సువర్ణమ్మను హెడ్మాస్టరు పక్కన పూడ్చారు. ఏసోబు గుప్పెడు మట్టి వేశాడు. కోటయ్య పక్క చోటు ఖాళీగా ఉండిపోయింది. తర్వాతి వానలకు కాలువ నీళ్లు పొంగి ఆ చోటు కుంగిపోయిందని తోటమాలి షెడ్డు ముందు ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

భూస్థాపన అయిన మర్నాడు మధ్యాహ్నం ఏసోబు ఒంటరిగా షెడ్డుకు వచ్చాడు. చేతిలో ఉలి, సుత్తి ఉన్నాయి. నా ముందు చాలాసేపు నిలబడ్డాడు. నన్ను ముక్కలు చేస్తాడనుకున్నాను. చెయ్యమని మనసులో వేడుకున్నాను కూడా. వీరాచారి దేవదూతల ముక్కులు చెక్కేసినవాడు ఈ పనీ చెయ్యగలడు. చేస్తే, ఆ తల్లి పట్ల నేను చేసినదానికి కొంతైనా చెల్లేది.

పరంజ్యోతి గారు గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఎల్లుండి ఫొటోలు తీసేవాళ్లు వస్తున్నారు ఏసోబూ. ఆ గీత సంగతి చూడు," అని వెళ్లిపోయాడు.

ఏసోబు వంగి, ఆ గీతను వేలితో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమాడు. ఆమె పెట్టె గీసిన గీత అది. నన్ను ఎక్కనంటే ఎక్కనన్న మనిషి నా ఒంటి మీద వదిలి వెళ్లిన గుర్తు అదొక్కటే. ఏసోబు సుత్తి కింద పెట్టేశాడు. లప్పం కలిపి గీతలో నింపాడు. ఉలి మొనతో కాకర ఆకు ఈనెలు మళ్లీ తీశాడు. గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, ఆరాక మళ్లీ పెట్టాడు. చేస్తున్నంతసేపూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నీళ్లు పాలిష్ మీద పడకుండా మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇప్పుడు నన్ను గుడి ముందు అద్దాల గదిలో పెట్టారు. ఎవరినీ ఎక్కించరు, పాడైపోతానట. వచ్చినవాళ్లు ఆ తీగ మీద చెయ్యి వేసి చూస్తారు. ఎక్కడా ఏమీ తగలదు.